టాక్సీ పరీక్ష

మొదటి వారం కంప్యూటర్లు తెరవనివ్వను.
బూట్లు విప్పించి గోడ వారగా పెట్టిస్తాను.
పద్నాలుగు జతలు. రెండింటికే లేసులు సరిగ్గా ఉన్నాయి.
"నడవండి" అంటాను. "చప్పుడైతే మళ్లీ మొదటికి."

ఉమ్లాజీలో ఈ హాలుది సిమెంటు నేల,
చలికాలం పొద్దున అరికాళ్లు జివ్వుమంటాయి.
మునివేళ్ల మీద నిలబడి పిల్లలు నవ్వుతారు.
నవ్వనిస్తాను.
తర్వాత చెబుతాను:
మా నాన్న డర్బన్ రేవులో బస్తాలు మోసేవాడు,
హాస్టల్లో గదికి ఇరవై మంది,
శనివారం రాత్రి పాడుకోవాలి, కాపలావాడు లేవకూడదు.
ఇసికతమియా అలా పుట్టిందనేవాడు,
పిల్లి అడుగుల్లో, నాలుగు వరసల గొంతుల్లో,
అడుగు వరస నేలలోంచి వస్తున్నట్టుగా.
"తాళం మీ కాళ్లలో ఉందో లేదో చూశాకే
చేతికి మౌసు ఇస్తాను."

రెండో వారం మస్కండి.
తీగల మీద వేళ్లు పరిగెడుతుంటే
పాడేవాడు ఊపిరి తీయకుండా తన గుట్టంతా చెప్పుకోవాలి:
ఏ కొండ కిందివాడు, ఏ ఏటి నీళ్లు తాగినవాడు, ఎవరి మనవడు.
మ్తోబిసి గిటారు పక్కన పెట్టేశాడు.
"నాకు ఏరు లేదు సార్. మా వీధి చివర కుళాయి ఉంది."
"కుళాయి గురించే చెప్పు."
"అదీ వారానికి మూడు రోజులే వస్తుంది."
"ఆ మూడు రోజుల పేర్లు చెప్పు."
చెప్పాడు. మంగళ, గురు, శని.
శని దగ్గర గొంతు జారింది. ఎందుకో నేనడగలేదు.
ఆ జారుడునే పల్లవిగా ఉంచాం.

మూడో వారానికి గానీ వాళ్లు కోరింది రాలేదు,
నాలుకతో అంగిట టక్కుమనిపించి పలకాల్సిన గోమ్.
ఇక్కడ పంతుళ్లు వాళ్లే.
తెర పగిలిన ల్యాప్‌టాప్,
ఎవడి దగ్గర్నుంచో ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్,
కుంటుతూ నడిచే డ్రమ్ము.
ఖాళీ జాగా కనిపిస్తే నేను ఏదో ఒకటి నింపబోతాను.
"తీసెయ్యండి సార్, ఊపిరాడట్లేదు" అంటారు.
యాభై మూడేళ్ల వేలితో డిలీట్ నొక్కడం
అంత తేలికేం కాదు.

జకీతి మాత్రం ఐదు వారాలు ఏమీ తేలేదు.
ఆరో వారం ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది.
తడిగుడ్డ నేలను రాస్తున్న చప్పుడు,
బకెట్ పిడి కిర్రు,
ఆ రెంటి మధ్య ఏమీ లేదు.
"ఆ ఏమీ లేనిదేమిటి?"
"మా అమ్మ నడక. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
వార్డులోకి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పేస్తుంది."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
రెండున్నర గంటల కోత, బోర్డు మీద రాసే ఉంది, మరిచిపోయాం.
బ్యాటరీ పదకొండు శాతం.
తెర వెలుగుకి ముఖాలు చేర్చి కూర్చున్నాం.
గుడ్డ చప్పుడు మీద మ్తోబిసి మూడంటే మూడు స్వరాలు మీటాడు,
వెనక వరస మునివేళ్ల మీద లేచింది, ఎవరూ చెప్పకుండానే.
బాస్ వేద్దామని నా చెయ్యి వెళ్లింది.
జకీతి చూసింది.
చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

మా దగ్గర పాటకి పరీక్ష హాల్లో జరగదు,
టౌనుకెళ్లే టాక్సీలో జరుగుతుంది.
సీట్ల కింద స్పీకర్లు, వణికే కిటికీలు,
రెండో స్టాపు దాకా డ్రైవరు పాట మార్చకపోతే పాసు.
ఎన్గిడి బండి ఎక్కాం, పేటంతా ఎరిగిన పెంకి చెవులు అతనివి.
పెన్‌డ్రైవ్ ఇచ్చి వెనక సీట్లో ఇరుక్కున్నాం.
మొదటి స్టాపు దాటింది.
రెండోది రాకముందే అతని చెయ్యి లేచింది.
సౌండు తగ్గించాడు. సగానికి.
ఇంకా తగ్గించాడు.
జకీతి కిటికీ వైపు తిరిగిపోయింది.
ఫెయిలు, అనుకున్నాను.
బాస్ వేసి ఉండాల్సింది, అని కూడా అనుకున్నాను.

ఎర్ర లైటు దగ్గర బండాపి
అద్దంలో మమ్మల్ని చూస్తూ
ఎప్పుడూ అరిచే ఎన్గిడి మెల్లగా అడిగాడు:
"ఇందులో ఎవరు నిద్రపోతున్నారు?"